లోపలి బస, బయటి బస

మదరసాలో పాఠాలు చెప్పే మనిషి దగ్గరకు ప్రజలు వుజూ, నమాజు, జకాత్ సంగతులు అడగడానికే వస్తారని చాలామంది భావిస్తారు. మా యాడికిలో పరిస్థితి వేరు. బోరు ఎక్కడ వేయించాలి, అమ్మాయిని ఏ కళాశాలలో చేర్పించాలి, కువైట్ వీసాకు ఏజెంటు అడిగిన సొమ్ము ఇవ్వవచ్చునా, ఇవన్నీ అస్ర్ నమాజు ముగిసిన తరువాత మస్జిదు అరుగు మీదకు వస్తాయి. కొంతకాలంగా వీటి సరసన మరొక ప్రశ్న చేరింది. పిల్లల సెలవుల్లో హైదరాబాదు దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీకో, బెంగళూరు దగ్గరి వండర్‌లాకో వెళ్ళదలచిన కుటుంబాలవారు, "హజ్రత్, అక్కడ లోపలి హోటల్లోనే దిగడం మేలా, బయట ఎక్కడైనా దిగి పొద్దున్నే టిక్కెట్టు కొనుక్కొని పోవడం మేలా?" అని అడుగుతున్నారు. ఇది మమ్మల్ని అడగవలసిన ప్రశ్న కాదని తోసిపుచ్చవచ్చు. కాని గత సంక్రాంతి సెలవులకు ముందు మా ఇంటిల్లిపాదీ ఇదే విషయం మీద మూడు రాత్రులు కూర్చొని మాట్లాడుకోవలసి వచ్చింది. ఒక్క రాత్రి పడక కోసం ఇంతమంది హక్కులు అడ్డం వస్తాయని అంతకుముందు నేను అనుకోలేదు.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. "మీరూ ఫిల్మ్ సిటీకి వెళ్ళారా?" అని నా శిష్యుడొకడు కళ్ళు పెద్దవి చేసుకొని అడిగాడు. భూమిపై సంచరించి చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల చెబుతున్నది. అయితే ఆ ఆయతులను వినోద ఉద్యానపు టిక్కెట్టుకు అతికించడం నాకు ఇష్టం లేదు; గతించిన జాతుల పర్యవసానాన్ని చూసి మేల్కొనమని చెప్పిన మాటలవి. మేము వెళ్ళింది పిల్లల ఉల్లాసం కోసం. హద్దులు మీరని ఉల్లాసాన్ని ధర్మం కాదనలేదు గనుక వెళ్ళాము. నృత్య ప్రదర్శనలు జరిగేచోట మా వాళ్ళెవరూ కూర్చోలేదు. తోటలు, బొమ్మ రైల్వే స్టేషను, బొమ్మ విమానాశ్రయం, పిల్లల ఆటల చోట్లు, చూడదగినవి ఇంకా చాలానే ఉన్నాయి. ఎదుటినుంచి మహాభవనంలా కనిపించి, పక్కకు వెళితే ఉత్త గోడగా తేలిన సెట్టును చూసి మా తమ్ముడి కొడుకు, "ఇదంతా అబద్ధమా బడే అబ్బా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకే నా టిక్కెట్టు డబ్బు చెల్లిపోయింది.

ఇక అసలు విషయం. మేము అన్నదమ్ములం ముగ్గురం, మాకొక చెల్లెలు. పెద్దవాణ్ణి నేను. రెండవవాడు పదిహేడేళ్ళుగా కువైట్‌లో ఒకరి ఇంట్లో కారు డ్రైవరు. మూడవవాడికి యాడికి బజారులో దర్జీ దుకాణం. చెల్లెలు హైదరాబాదు మలక్‌పేటలో కాపురం ఉంటున్నది. అబ్బా గతించి ఆరేళ్ళయింది. అమ్మీకి డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పి. రెండవ తమ్ముడు రెండు నెలల సెలవు మీద వచ్చి, అందరినీ ఒకసారి ఎక్కడికైనా తీసుకువెళ్ళాలని పట్టుబట్టాడు. నేను, నా భార్య, మా అమ్మాయి, తమ్ముళ్ళిద్దరి కుటుంబాలు, అమ్మీ, మొత్తం పన్నెండు మంది.

మొదట పిల్లలు వండర్‌లా పేరు చెప్పారు. మా ఊరికి గుత్తి జంక్షను దగ్గర. అక్కడ రైలు ఎక్కి దక్షిణానికి పోతే అనంతపురం, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు, ఉత్తరానికి పోతే కర్నూలు, మహబూబ్‌నగర్ మీదుగా కాచిగూడ. రెండు దిక్కులూ మాకు సమానమే. బెంగళూరు వండర్‌లా మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో మొదలైంది. 2012లో ఉద్యానాన్ని ఆనుకొనే రిసార్టు కూడా కట్టారు. అయితే అక్కడి ఆకర్షణలో పెద్ద భాగం నీటి ఆటలది. వాటికి నైలాన్ వంటి గుడ్డతో కుట్టిన బట్టలు కావాలి, చీరలూ చుడీదార్లూ పనికిరావు. మా ఆడవాళ్ళు ఒడ్డున కూర్చొని సంచులు కాపలా కాయడానికి అంత దూరం పోవడం ఎందుకని నా భార్య అన్నది. అమ్మీ అభ్యంతరం ఇంకొకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మాది. బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన రోజులు ఆమెకు కథలు కావు. నీళ్ళను గుట్ట మీదినుంచి ఊరికే జారవిడిచి దానికి టిక్కెట్టు పెడతారంటే ఆమెకు మింగుడు పడలేదు. ఆ నీటిని శుద్ధి చేసి మళ్ళీ వాడతారని మా అమ్మాయి వివరించినా, "అయితే ఒకరు మునిగిన నీళ్ళలోనే ఇంకొకరా!" అని ఆ దారి కూడా మూసివేసింది. అలా ఫిల్మ్ సిటీ నిశ్చయమైంది.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రహదారిలో హయత్‌నగర్ దాటిన తరువాత అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతంలో ఉన్నది ఈ ఫిల్మ్ సిటీ. 2024లో మరణించిన రామోజీరావు 1996లో దీనిని నెలకొల్పారు. విస్తీర్ణం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద చిత్ర నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ గ్రంథంలో నమోదైంది. లోపలే హోటళ్ళు ఉన్నాయి. వాటిలో సితార విలాసవంతమైనది, తార మధ్యతరహాది, శాంతినికేతన్ పొదుపుగా ఉండదలచిన వారిది. సినిమా తీసేవారికోసం ఏర్పడిన బసలే సందర్శకులకూ ఉపయోగపడుతున్నాయి. గది తీసుకొన్నవారికి ఉద్యాన ప్రవేశం, భోజనం కలిపి ఒకే మొత్తంగా అమ్మే పద్ధతి ఉన్నది.

వినోద ఉద్యానం పక్కనే పడక వేయడం అనే ఆలోచన వెనుక ఒక వ్యాపార చరిత్ర ఉన్నది. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు హోటలు కట్టుకోవడానికి ఆయన దగ్గర డబ్బు మిగలలేదు. ఆ పని మరొక వ్యాపారి చేశాడు. చుట్టూ ఇతరుల లాడ్జీలు పుట్టగొడుగుల్లా లేచాయి. జనాన్ని రప్పించింది డిస్నీ, రాత్రి అద్దె మాత్రం ఇతరులకు పోయింది. అందుకే ఆ సంస్థ ఫ్లోరిడాలో రెండవ ఉద్యానం కోసం దాదాపు 27 వేల ఎకరాలు కొన్నది. 1971 అక్టోబరులో దాని తలుపులు తెరిచేనాటికి తన హోటళ్ళు రెండు లోపలే సిద్ధంగా ఉంచుకొన్నది. కంచె లోపల పడుకొన్నవాడు కంచె లోపలే తింటాడు, కంచె లోపలే కొంటాడు. ఇది తెలిసి ఉంటే మనం చెల్లించేది గది అద్దె ఒక్కటే కాదన్న ఎరుక ఉంటుంది. తెలిసీ చెల్లించడంలో తప్పులేదు.

మన కుటుంబాలకు ఈ లోపలి బస, బయటి బస అనే తేడా డిస్నీ వల్ల తెలియలేదు. పవిత్ర యాత్రను వినోద యాత్రతో పోలుస్తున్నందుకు పాఠకులు మన్నించాలి, కాని మా ఇంట్లో ఆ రాత్రి మాట అటే మళ్ళింది. అబ్బా, అమ్మీ 2016లో హజ్ చేశారు. ఆ రోజుల్లో హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి గ్రీన్, అజీజియా అని రెండు తరగతుల బసలుండేవి. గ్రీన్‌వారు హరమ్‌కు నడిచి వెళ్ళగలిగినంత దగ్గర; అజీజియావారు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉండి బస్సులో రావాలి. అబ్బా అజీజియా ఎంచుకొన్నారు, అంతకుమించి స్తోమత లేదు. "ఇషా నమాజు తరువాత బస్సు కోసం నిలబడిన గంటలు నా మోకాళ్ళకు ఇప్పటికీ గుర్తున్నాయి బేటా. కాని ఆ మిగిలిన డబ్బుతోనే మీ అబ్బా తిరిగి వచ్చి చిన్నవాడికి కుట్టుమిషను కొనిచ్చారు" అని అమ్మీ అన్నది. మక్కాలో నిజాము రాజ్యపు ప్రజలకు ఉచితంగా బస ఇచ్చే రుబాత్ ఒకటి ఉన్నది. తెలంగాణవారికి అందులో చోటు దొరుకుతుంది, మాకు దొరకదు. 1800లో నిజాము మా దత్త మండలాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసినందువల్ల మేము ఆ లెక్కలోకి రాము. రెండు వందల ఏళ్ళనాటి ఒక సంతకం మా అమ్మీ మోకాళ్ళ దాకా వచ్చిందని మా అమ్మాయి నవ్వింది.

మా ముందు మూడు దారులు కనిపించాయి. సితారలో అందరికీ తానే గదులు తీసుకొంటానని కువైట్ తమ్ముడు అన్నాడు. మలక్‌పేటలో చెల్లెలి ఇల్లు ఉండగా హోటలు మాట ఎత్తడమే అవమానమని చెల్లెలు ఫోనులో అన్నది. హయత్‌నగర్ వైపు ఏదైనా లాడ్జి చూస్తే చౌకగా పోతుందని చిన్నవాడు అన్నాడు.

నేను మదరసా నల్లబల్ల మీద గళ్ళు గీసి లెక్క వేశాను. చాలామంది లోపలి గది అద్దెను బయటి గది అద్దెతో పోల్చి గుండె బాదుకొంటారు. అది సరైన లెక్క కాదు. లోపలి మొత్తంలో ప్రవేశ రుసుము, భోజనం కలిసి ఉంటే, బయటి గడిలో కూడా పన్నెండు మంది ప్రవేశ రుసుము, రెండు పూటల భోజనం, వెళ్ళిరావడానికి బండి అద్దె కలపాలి. మలక్‌పేట నుంచి మెట్రోలో ఎల్.బి. నగర్ దాకా సుఖంగా పోవచ్చు, అక్కడినుంచి బస్సో ఆటోలో పట్టుకోవాలి. పన్నెండు మందికి, సంచులతో, ఒక వృద్ధురాలితో, అది మూడు ఆటోల పని. సెలవులను బట్టి ధరలు మారుతుంటాయి గనుక అంకెలు ఇక్కడ వేయడం వ్యర్థం. అన్నీ కలిపి చూస్తే తేడా బాగా తగ్గింది, కాని చెరిగిపోలేదు. శాంతినికేతన్ కూడా లాడ్జి కంటే ఖరీదే. చెల్లెలి ఇంటి గడిలో మాత్రం బస కింద సున్నా వేసి ఉన్నది. ఆ సున్నా దగ్గర నా చేయి ఆగింది.

చెల్లెలిది రెండు పడకగదుల ఇల్లు. అందులో ఆమె, భర్త, మంచం పట్టిన అత్త, కొడుకు, కోడలు. కోడలికి కాన్పు అయి రెండు నెలలు. పన్నెండు మంది వచ్చి దిగితే ఆ పసిబిడ్డ తల్లి ఎక్కడ పడుకొంటుంది? రాత్రి పాలివ్వడానికి ఆమెకు ఏ చాటు ఉంటుంది? ఉదయం ఫజ్ర్ ముందు పదిహేడు మందికి చాయ్ ఎవరు పెడతారు? చెల్లెలు "రండి" అనకుండా ఉండలేదు, అన్నలు వస్తామంటే ఏ చెల్లెలు కాదంటుంది! సూరయె అహ్‌జాబ్‌లో అల్లాహ్ విశ్వాసులకు నేర్పిన మర్యాద ఒకటి ఉన్నది. దైవప్రవక్త (సఅసం) ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్ళాలని, భోంచేసిన తరువాత కబుర్లు చెప్పుకొంటూ అక్కడే కూర్చోవద్దని, అది ఆయనకు కష్టం కలిగించినా మొగమాటం వల్ల ఆయన చెప్పరని అక్కడ బోధించబడింది. ఏళ్ళుగా పాఠం చెప్పిన ఈ ఆయతు నాకు ఆ రాత్రి చెల్లెలి కోడలి రూపంలో కనిపించింది. ఆతిథ్యం మూడు రోజులని, ఇంటివారిని ఇబ్బంది పెట్టేంతగా అతిథి బస చేయరాదని హదీసులో ఉన్నది. ఆ మూడు రోజుల హక్కును పట్టుకొని వాదించేవారు రెండవ సగాన్ని సాధారణంగా చదవరు. సున్నా వేసిన ఆ గడిలో ఖర్చు ఉన్నది. దానిని చెల్లించేది వంటగదిలో నిలబడే ఒక అమ్మాయి, మాకు రసీదు కూడా రాదు.

కువైట్ తమ్ముడి ప్రతిపాదన ఇంకా సున్నితమైనది. అందరి గదులూ తానే తీసుకొంటానన్నప్పుడు చిన్నవాడు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి అతడి భార్య నా భార్యతో, "భాభీ, మా పిల్లలు అక్కడికి వెళ్ళినట్టు ఉండాలి, తీసుకువెళ్ళబడినట్టు ఉండకూడదు" అన్నదట. సోదరుడు ప్రేమతో ఇచ్చింది పుచ్చుకోవడంలో చిన్నతనం లేదు. దైవప్రవక్త (సఅసం) కానుకలు స్వీకరించేవారు, బదులు కూడా ఇచ్చేవారు. నేను చిన్నవాణ్ణి పక్కకు పిలిచి ఈ మాటే చెప్పాను. అతడు, "నాకు తెలుసు భాయిజాన్. పండుగకు బట్టలు తెస్తే తీసుకొన్నాను, అమ్మాయి చదువుకు ఇస్తే తీసుకొన్నాను. కాని ఊరికి తిరిగి వచ్చాక పిల్లలు ఒకరితో ఒకరు పోట్లాడుకొన్నప్పుడు ఈ సంగతి బయటికి వస్తుంది" అన్నాడు. పిల్లల పోట్లాటలను నిత్యం తీర్చే వృత్తి నాది. అతడు చెప్పింది నిజమని నాకు తెలుసు.

ఇలా అని రెండవవాడి మనసును కొట్టివేయడం కూడా న్యాయం కాదు. చివరి రాత్రి అతడు తన గోడు చెప్పుకొన్నాడు. "లోపలి బస అంటే ఏమిటో నాకు తెలిసినంత మీకెవరికీ తెలియదు భాయిజాన్. పదిహేడేళ్ళుగా నేను లోపలే ఉంటున్నాను. సేఠ్ ప్రహరీలోపల ఒక గది. ఏ రాత్రి ఫోను మోగినా లేచి బండి తీయాలి. ఒక్క రాత్రి అమ్మీని పక్కన పెట్టుకొని, ఎవరూ పిలవని చోట పడుకోవాలని నా కోరిక. అందుకే పెద్ద హోటలు అన్నాను." అతడి గొంతు మారింది. నేను ఆడంబరం అనుకొని ఇస్రాఫ్ గురించి రెండు మాటలు చెప్పబోయి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో! ఖర్చులో లోభమూ దుబారా రెండూ కాని మధ్యమార్గాన్ని సూరయె ఫుర్ఖాన్ మెచ్చుకొన్నది. ఆ మధ్య ఎక్కడ ఉన్నదో కొలవడానికి మాత్రం ఎదుటివాడి రాత్రులు ఎలా గడుస్తున్నాయో తెలియాలి.

అమ్మీ అప్పటిదాకా తస్బీహ్ తిప్పుతూ విన్నది. "మీరు ముగ్గురూ ఒకే వసారాలో, ఒకే జంపఖానా మీద పడుకొని పెరిగారు. ఒకడు మేడ మీద, ఒకడు బజారులో పడుకొంటే నాకు నిద్ర పట్టదు. అందరూ ఒక్కచోటే దిగండి. చిన్నవాడు ఎంత పెట్టగలడో అంతలోనే అందరూ ఉండండి" అన్నది. చిన్నవాడు ఆలోచించి శాంతినికేతన్ అయితే తన వాటా తానే ఇస్తానన్నాడు. ఓవర్‌లాక్ మిషను కోసం కూడబెట్టిన దానిలోంచి తీస్తానని, మిషను రంజాన్ కుట్టుపనుల తరువాత కొనవచ్చునని చెప్పాడు. మిషను వెనక్కి పోవడం నాకు రుచించలేదు. కాని మనిషి తన గౌరవానికి తాను కట్టుకొన్న వెల అది. దానిని బేరమాడే అధికారం నాకు లేదు. అమ్మీ వాటా మాత్రం రెండవవాడు ఒక్కడే ఇవ్వాలని, ఆమె అతడి గదిలోనే ఉండాలని అందరం ఒప్పుకొన్నాము. తల్లికి సేవ చేసే భాగ్యంలో అతడు ఏళ్ళ తరబడి వెనుకబడి ఉన్నాడు గదా!

చెల్లెలికి నేనే ఫోను చేశాను. రైలు దిగగానే ఆమె ఇంట్లో ఫజ్ర్, చాయ్. మరునాడు మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే భోజనం. అయితే మాంసం మేము తెస్తాము, వంట మా ఆడవాళ్ళు చేస్తారు, కోడలు బిడ్డను విడిచి లేవకూడదు. ఈ షరతు విని చెల్లెలు అరగంట తిట్టింది. ఆ తిట్లలో ఒక నిట్టూర్పు కూడా కలిసి ఉన్నదని నా భార్య అంటుంది, నాకు వినిపించలేదు.

ప్రయాణించదలచిన వారికి పనికివచ్చే సంగతులు కొన్ని చెబుతాను. గది ఏ వేళకు చేతికి వస్తుందో ముందుగా ఫోనులో అడగాలి. మాకు మధ్యాహ్నమని చెప్పారు. అందువల్ల ఉదయం సామాను అప్పగించి లోపల తిరిగి, జుహ్ర్ వేళకు అమ్మీని తీసుకొని గదికి చేరాము. ఒక్క రాత్రే ఉండేవారు ముందురోజు సాయంత్రం చేరితే, తిరిగే రోజున మధ్యాహ్నానికే గది ఖాళీ చేయవలసి వచ్చి, ముసలివారికి వాలడానికి చోటుండదు. మేము చేరిన పూటే తిరగడం మొదలుపెట్టినందువల్ల అమ్మీ జుహ్ర్ నుంచి అస్ర్ దాకా పడుకొన్నది, సాయంత్రం మళ్ళీ వచ్చి తోటలు చూసింది. లోపలి బసకు ఎక్కువ చెల్లించినందుకు మాకు దక్కిన ప్రధాన లాభం ఆ మూడు గంటలే. ముసలివారు, పసివారు, గర్భిణులు లేని కుటుంబానికి ఆ లాభం లేదు; యువదంపతులు బయట దిగినా పోయేదేమీ ఉండదు.

నమాజు సంగతి దీనికి దగ్గరిదే. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణం సంకల్పించి ఊరు దాటినవాడు, ఒకచోట పదిహేను రోజులకు తక్కువ ఉండదలిస్తే ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ రెండు చేస్తాడు. స్థానిక ఇమాము వెనుక నిలిస్తే మాత్రం నాలుగూ చేయాలి. చెల్లెలి ఇంట్లో కూడా ఖస్రేనా అని మా మరదలు అడిగింది. అవును, చెల్లెలి ఇల్లు మనది అనిపించినా మన నివాసం కాదు. అయితే మన మజ్‌హబ్‌లో ప్రయాణంలో రెండు నమాజులను ఒకే వేళలో కలిపివేసే వెసులుబాటు లేదు గనుక, జుహ్ర్, అస్ర్ దేని వేళలో దానిని చేయాలి. జనవరిలో ఆరు గంటలకే మగ్రిబ్. అంటే ఉద్యానం తెరిచి ఉండే సమయంలోనే రెండు నమాజులు వస్తాయి, మూడవది తలుపు దగ్గర కాచుకొని ఉంటుంది. మగవాళ్ళం పచ్చిక మీద జానమాజ్ పరచుకోగలం. ఆడవాళ్ళకు వుజూ చేసుకొనే చాటు, నిలబడే చోటు కావాలి. దగ్గరలో మన గది ఒకటి ఉంటే ఈ ఆందోళన ఉండదు. బయట దిగేవారు ఈ ఏర్పాటు ముందే ఆలోచించుకోవాలి. "తిరిగి వెళ్ళాక ఖజా చేసుకొందాం" అనే మాట ఇంటి ఆడవాళ్ళ నోట రావడానికి చాలాసార్లు మగవాళ్ళు వేసిన ప్రణాళికే కారణం. భోజనంలో మాంసం విషయమై మాకు రూఢి కాలేదు గనుక శాకాహారం, గుడ్లతో సరిపెట్టుకొన్నాము. పప్పు, వంకాయ కూర బాగున్నాయి.

ఆ రాత్రి తమ్ముడి గదిలో స్నానాల గది నుంచి ఎంతకూ నీళ్ళ చప్పుడు ఆగకపోవడంతో మరదలు తలుపు తట్టింది. వేడినీళ్ళు రావడానికి ముందు వృథాగా పోయే చన్నీళ్ళను అమ్మీ బకెట్టులో పట్టుకొంటున్నది. ఉదయం ఆ బకెట్టుతోనే అందరం వుజూ చేయాలని ఆజ్ఞ అయింది. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్, అంటే రెండు అరచేతులూ కలిపి నింపినంత కొలత నీటితో వుజూ చేసేవారని పిల్లలకు పాఠం చెబుతూ వచ్చాను. అమ్మీ దానిని హోటలు గదిలో అమలుచేసింది. పన్నెండు మంది చేయగా బకెట్టులో ఇంకా నీళ్ళు మిగిలాయి. కొలతలో పిల్లలు పోటీ పడటం చూసి నాకు సంతోషం కలిగింది. ఫజ్ర్ జమాఅత్ ఆ గదిలోనే జరిగింది. అమ్మీ వెనుక కుర్చీలో కూర్చొని చేసింది. నమాజు అయ్యాక కువైట్ తమ్ముడు మంచం మీద అడ్డంగా పడి నిద్రపోయాడు. తొమ్మిది దాటినా ఎవరమూ లేపలేదు.

మరునాడు మలక్‌పేటలో భోజనాలయ్యాక చెల్లెలు తగవు తీర్చుకొన్నది. అన్నల్లో ఒక్కడూ తన ఇంట్లో ఒక రాత్రి పడుకోలేదు గనుక, అమ్మీ ఇక్కడే ఉండిపోవాలన్నది. కూతురి ఇంట్లో తల్లి అతిథి కాదు, మూడు రోజుల లెక్క ఆమెకు లేదు. అమ్మీ నెల రోజులు ఉన్నది. పసిబిడ్డకు నూనె రాసి స్నానం చేయించడం ఆమె పని, కోడలు ఆ వేళ నిద్రపోయేదట. మేము పదకొండు మందిమి రాత్రి రైలుకు కాచిగూడ చేరాము. బండి కదిలాక చిన్నవాడు చొక్కా జేబులోంచి కాగితం తీసి ఖర్చులు చదివి, ఉమ్మడి సొమ్ములో మిగిలినదాన్ని మూడు భాగాలు చేసి మా ఇద్దరి చేతుల్లో పెట్టాడు. రెండవవాడు లెక్క పెట్టి చూసుకొని, రెండు రూపాయలు తక్కువ ఇచ్చావని అతడితో గొడవకు దిగాడు.